తోడు పదార్థం కలిసినంత మాత్రాన ప్రతి బ్యాక్టీరియా లొంగదు

విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. యాంటీబయాటిక్‌కు మొండికేసిన బ్యాక్టీరియాను లొంగదీసే క్లావులానిక్ యాసిడ్‌ను కొత్తగా కనుగొన్నారనీ, అది కలిసిన మాత్ర ఎలాంటి నిరోధకతనైనా ఛేదిస్తుందనీ, 625 మిల్లీగ్రాముల మాత్ర దొరక్కపోతే రెండు 375లు గానీ, పాత మాత్రతో మిరియాల కషాయం గానీ చాలుననీ, రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష డబ్బు దండగనీ దాని సారాంశం.

కొత్తదన్న మాట తప్పు. పెనిసిలిన్ జాతి యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్‌కు తోడుగా క్లావులానిక్ యాసిడ్ 1981లోనే బ్రిటన్‌లో ఆగ్మెంటిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

అసలు ప్రమాదం "ఎలాంటి నిరోధకతనైనా" అన్న మాటలో ఉంది. పెనిసిలిన్ జాతి మందుల్లోని బీటా-లాక్టమ్ అనే రసాయన వలయాన్ని తెంచే ఎంజైములను కొన్ని బ్యాక్టీరియాలు తయారు చేసుకుంటాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైముకు తానే అతుక్కుని, దాన్ని పనికిరాకుండా చేసి, అమాక్సిసిలిన్‌ను కాపాడుతుంది. ఎంఆర్‌ఎస్‌ఏ అనే స్టాఫిలోకాకస్ రకం బ్యాక్టీరియా మాత్రం మందు సరిగా అతుక్కోలేని వేరొక ప్రోటీనుతో తన గోడ కట్టుకుంటుంది కనుక, ఎంజైమును ఆపినా అక్కడ ఈ మాత్ర పనిచేయదు. ఎంజైములన్నీ ఒక్కటి కూడా కావు. 2009లో వెల్లడైన ఎన్‌డీఎం-1 అనే ఎంజైము జింకు సాయంతో పనిచేసే రకం; దాన్ని క్లావులానిక్ యాసిడే కాదు, 2015లో అమెరికాలో అనుమతి పొందిన అవిబాక్టమ్ అనే మరో తోడు పదార్థం సైతం ఆపలేదు. అందుకే ఎన్‌డీఎం తెంచలేని అజ్‌ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్‌ను తీసుకుని, దాన్ని మిగతా ఎంజైముల నుంచి కాపాడే పనిని అవిబాక్టమ్‌కు అప్పగించవలసి వచ్చింది.

మిరియాల మాటలో రవ్వంత నిజం ఉండబట్టే జనం నమ్ముతున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను తన కణంలోంచి బయటికి తోసేసే స్టాఫిలోకాకస్ పంపును మిరియాల్లోని పైపరిన్ అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. అయితే పైపరిన్ నీటిలో అంతగా కరగదు. కషాయం తాగినంత మాత్రాన ప్రయోగంలో వాడిన గాఢత రోగి రక్తంలో ఏర్పడుతుందనుకోవడానికి ఆధారం లేదు. పైగా మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వంటి మందుల స్థాయిని పైపరిన్ రక్తంలో పెంచగలదు.

ఇక రెండు 375ల లెక్క. అమాక్సిసిలిన్ 375లో 250, 625లో 500 మిల్లీగ్రాములు ఉంటుంది. క్లావులానిక్ యాసిడ్ మాత్రం రెండింటిలోనూ 125. రెండు 375లు మింగితే అది రెట్టింపవుతుంది. ఈ జంటమందుతో వచ్చే విరేచనాలకూ, అరుదుగా కాలేయానికి తగిలే దెబ్బకూ ప్రధానంగా కారణమయ్యేది అదే.

పరీక్ష దండగన్న సలహా వీటన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే ఏ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందో జ్వరాన్ని చూసి చెప్పలేం, కల్చర్ చెబుతుంది. వైద్యుడు ఆ పరీక్ష రాస్తే, వీలైనంత వరకు మొదటి డోసుకు ముందే నమూనా ఇవ్వాలి. మందు మొదలయ్యాక ఇస్తే ప్రయోగశాలలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు.