బిషప్పుగారితో పేచీ పెట్టుకోరాదు

6వ శతాబ్దపు గాల్ దేశంలో రాజుగా పుట్టినవాడి కష్టాలు పగవాడికి కూడా వద్దు. నేటి ఫ్రాన్సులో కొంత భాగాన్ని ఏలిన చిల్పెరిక్ అనే రాజు తరచూ వాపోయేవాడట. మన ఖజానా వట్టిపోయింది, మన సంపదంతా చర్చిలకు తరలిపోయింది, ఈ దేశాన్ని ఏలుతున్నది బిషప్పులే, మనకు రావలసిన మర్యాద కూడా వాళ్లే పట్టుకుపోయారు అని. కత్తి ఉంది, సైన్యం ఉంది, పన్నులు పిండే అధికారులున్నారు, గిట్టనివాళ్లను శాశ్వతంగా సాగనంపడంలో ఆరితేరిన ఫ్రెడెగుండ్ రాణి పక్కనే ఉంది. అయినా ఆ మనిషికి తీరని లోటు. పాపం అనిపిస్తుంది.

ఆ ఏడుపును మన దాకా మోసుకొచ్చింది ఎవరయ్యా అంటే, ఒక బిషప్పే. టూర్ నగర పీఠాధిపతి గ్రెగరీ. 584లో వేట నుంచి వచ్చి గుర్రం దిగుతున్న చిల్పెరిక్‌ను ఎవరో పొడిచి చంపగా, గ్రెగరీ తన చరిత్ర గ్రంథంలో ఆయనకు సంతాపం రాశాడు. మన కాలపు నీరో, మన కాలపు హేరోదు అన్నాడు. తిండిపోతు అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. రాజు రాసిన పద్యాలకు కాళ్లు నిలవవనీ, లఘువు ఉండవలసిన చోట గురువునూ గురువు ఉండవలసిన చోట లఘువునూ వేశాడనీ లోకానికి చాటాడు. యతిని పోనిమ్మన్నా గణభంగాన్ని మాత్రం క్షమించని తెలుగు పాఠకులకు ఈ దెబ్బ ఎంత లోతుగా దిగిందో వేరే చెప్పనక్కరలేదు. హత్యలు చేసిన రాజులను చరిత్ర మరిచిపోతుంది. ఛందస్సు తప్పిన రాజుకు 1400 ఏళ్లు దాటినా మోక్షం లేదు.

ఇంత తీర్పు చెప్పినాయన వ్యాకరణం సంగతేమిటని అడుగుతారేమో. అదీ ఆయనే చెప్పాడు. నాకు లింగభేదం తెలియదు, విభక్తులు తారుమారు చేస్తాను, నాది పల్లెటూరి లాటిన్ అని పుస్తకం తరువాత పుస్తకంలో చేతులు జోడించాడు. తన తప్పు తానే ముందుగా చెప్పుకుని ఎదుటివాడి తప్పు తీరిగ్గా లెక్కపెట్టడాన్ని వినయం అంటారు. పునీతులకు ఉండవలసిన గుణాల్లో ఇది మొదటిది.

రెండోది వంశం. 538 ప్రాంతంలో ఓవెర్న్ సీమలోని క్లెర్మాంలో పుట్టిన ఈయన అసలు పేరు జార్జియస్ ఫ్లోరెంటియస్. లాంగ్ర్ బిషప్పుగా చేసిన ముత్తాత పేరు మీద గ్రెగరీ అయ్యాడు. పినతండ్రి క్లెర్మాంకు బిషప్పు. తల్లి తరఫున ఒకాయన లియోన్‌కు బిషప్పు. 573లో గాల్‌లో ఇంకో భాగాన్ని ఏలిన రాజు సిగిబెర్ట్ చలవతో టూర్ పీఠం దక్కినప్పుడు, అంతకు ముందు దాని మీద కూర్చున్నది కూడా ఆయన బంధువే. బయటినుంచి వచ్చిన ఓవెర్న్ వాళ్లు మా ఊరి మీద పడ్డారని రికుల్ఫ్ అనే స్థానిక చర్చి గురువు ఒకసారి గొణిగాడు. గ్రెగరీ ఇచ్చిన జవాబు చూడండి. టూర్‌ను ఏలిన బిషప్పుల్లో ఐదుగురు తప్ప మిగిలినవాళ్లంతా మా చుట్టాలేనన్న సంగతి ఆ మూర్ఖుడికి తెలియదు అన్నాడు! ఆయన లెక్క ప్రకారం తాను 19వ వాడు. అంటే ముందున్న 18 మందిలో 13 మంది మనవాళ్లే. స్థానికేతరుడన్న ఆరోపణను ఇంత శుభ్రంగా కడిగేసుకున్న నాయకుడు నాకు తెలిసి మరొకడు లేడు. మన దగ్గర వారసత్వం మాట ఎత్తితే నాయకులు నొచ్చుకుంటారు. ఆయన రుజువుగా చూపించాడు.

మూడో గుణం ఆస్తి. పొలాలూ ద్రాక్షతోటలూ సరే, ఎవరికైనా ఉంటాయి. టూర్ అసలు ఆస్తి ఒక సమాధి. ఆ ఊరికి బిషప్పుగా చేసిన పునీత మార్టిన్ 397లో కాండ్ అనే గ్రామంలో కన్నుమూశాడు. శవం మాదంటే మాదని పొయ్‌టియే వాళ్లూ టూర్ వాళ్లూ పంచాయితీ పెట్టారు. ఆయన మా ఊరి మఠంలో సన్యాసి, మీకు అరువిచ్చాం, బతికినన్నాళ్లూ మీరు అనుభవించారు, ఇప్పుడు మాకిచ్చేయండి అన్నారు పొయ్‌టియే వాళ్లు. టూర్ వాళ్లు లెక్కలు తీశారు. ఆయన మీ దగ్గర చచ్చిన వాళ్లను ఇద్దరిని లేపాడు, మా దగ్గర ఒక్కరినే, ఆ బాకీ చనిపోయాకైనా తీర్చాలి కదా అన్నారు. మాటల్లో పొద్దు గూకింది. తలుపులు వేసి రెండు పక్షాలూ శవం చుట్టూ కాపలా కూర్చున్నాయి. అర్ధరాత్రి పొయ్‌టియే వాళ్లకు కునుకు పట్టింది. టూర్ వాళ్లు కిటికీలోంచి శవాన్ని బయటికి అందించుకుని పడవెక్కించి, కీర్తనలు పాడుకుంటూ లువార్ నది మీదుగా ఊరు చేరారు. పొయ్‌టియే వాళ్లు ఆ పాటల చప్పుడుకే లేచారట. ఈ దొంగతనాన్ని గ్రెగరీ ఏమాత్రం దాచలేదు. దేవుడు తమ ఊరి పక్షాన ఉన్నాడనడానికి సాక్ష్యంగా రాసుకున్నాడు.

ఆ సమాధి పెట్టుబడి వృథా పోలేదు. బిషప్పు అయిన రెండో నెలలోనే గ్రెగరీకి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. ఆర్మెంటారియస్ అనే వైద్యుణ్ణి పిలిపించి, నీకు తెలిసిన విద్యంతా వాడావు, గుణం లేదు, ఇక సమాధి మీది ధూళి నీళ్లలో కలిపి ఇవ్వు అన్నాడు. తాగాడు, లేచాడు. ఇంకోసారి నాలుక మొద్దుబారి మాట పెగలకపోతే సమాధి చుట్టూ ఉన్న కొయ్య కటకటాన్ని నాకి నయం చేసుకున్నాడు. ఇందులో నవ్వడానికేమీ లేదు. వైద్యుణ్ణి ముందు పిలిచి, ధూళిని తరువాత తాగడంలో ఉన్న ముందుచూపును గమనించాలి.

సమాధికి పన్నుల శాఖ మీద కూడా అధికారం ఉండేది. 589లో రాజాధికారులు పన్నుల పుస్తకం పట్టుకుని టూర్‌కు వచ్చారు. గ్రెగరీ వాళ్లకు పాత సంగతులు గుర్తు చేశాడు. వెనకటికి క్లోథార్ రాజు మార్టిన్‌కు భయపడి ఈ ఊరి పన్నుల పుస్తకాలను తగలబెట్టించాడు, ఇప్పుడు ఈ పుస్తకం ఎవరి ఇంట్లోంచి ఊడిపడింది అని అడిగాడు. దాన్ని బయటపెట్టినవాడి కొడుక్కి ఆ గడియలోనే జ్వరం వచ్చి మూడో రోజుకు చనిపోయాడు. ఆ వెంటనే మార్టిన్ మీది గౌరవం చేత టూర్ ప్రజలకు పన్ను లేదని రాజుగారి ఉత్తరం వచ్చింది. అప్పీలు లేదు, వాయిదా లేదు.

ఇక సాటి బిషప్పుల సంగతి. గ్రెగరీ వాళ్ల గురించి చాలా రాశాడు. ప్రేమతో కాదు. క్లెర్మాం బిషప్పు కౌటినస్ తాగితే విందు బల్ల దగ్గర నుంచి నలుగురు మోసుకుపోవలసి వచ్చేదట. అనస్టాసియస్ అనే గురువుకు ఓ రాణి రాసిచ్చిన భూమి మీద ఈయన కన్ను పడింది. పత్రం ఇవ్వనన్నందుకు ఆ గురువును బతికుండగానే పాత శవం ఉన్న పాలరాతి సమాధిలో పడుకోబెట్టి, పైన రాయి వేయించి, కాపలా పెట్టించాడు. చలికాలం. కాపలావాళ్లు వేడి ద్రాక్షసారా తాగి నిద్రపోయారు. లోపలి మనిషి అంగీని నోటికి, ముక్కుకు అడ్డం పెట్టుకున్నా కంపు చెవుల్లోంచి కూడా దూరిందని తరువాత చెప్పుకున్నాడు. మూత పూర్తిగా పడలేదు. సందులోంచి చెయ్యి చాపితే గునపం తగిలింది. దానితో కొద్దికొద్దిగా రాయి జరిపి బయటపడి, నేరుగా రాజు దగ్గరికి పోయాడు. సభలో అందరూ నీరో గానీ హేరోదు గానీ ఇలాంటి పని చేసి ఉండరని ముక్కున వేలేసుకున్నారు. గురువుగారి భూమి గురువుగారికి ఖాయమైంది. బిషప్పుగారు సిగ్గుపడ్డారు. సిగ్గుపడి, 571లో ప్లేగు వచ్చి తీసుకుపోయే దాకా అదే పీఠం మీద కూర్చున్నారు.

సలోనియస్, సజిటారియస్ అన్నదమ్ములను ఒక్క మాటలో ముగిస్తాను. ఒకరు అంబ్రన్‌కు, ఇంకొకరు గాప్‌కు బిషప్పులు. శిలువ వదిలి శిరస్త్రాణం పెట్టుకుని యుద్ధానికి వెళ్లేవారు. తోటి బిషప్పు పుట్టినరోజు పండుగ మీదకు కత్తులతో మనుషులను పంపారు.

నాంట్ బిషప్పు ఫెలిక్స్ ఇంత మొరటువాడు కాదు, ఆయనది కలం యుద్ధం. చర్చికి చెందిన ఒక భూమి విషయంలో గ్రెగరీతో తగవు పెట్టుకుని, గ్రెగరీ సోదరుడి మీద నింద వేస్తూ ఉత్తరాలు రాశాడు. గ్రెగరీ జవాబు ఆ శతాబ్దానికే మకుటం. నువ్వు మార్సేయ్ రేవుకు బిషప్పువై ఉండవలసింది, అప్పుడు ఓడలు నూనె మానేసి ఒట్టి కాగితమే తెచ్చేవి, మంచివాళ్లను తిట్టడానికి నీకు కావలసినంత దొరికేది, ఏం చేస్తాం, కాగితం కరువై నీ వాగుడుకు కళ్లెం పడింది అన్నాడు. ఫెలిక్స్ రాసిన ఉత్తరం మనకు దక్కలేదు. గ్రెగరీ జవాబు దక్కింది. ఎవరు గెలిచారో ఇక విచారించనక్కరలేదు.

ఇంతా చెప్పి, ఆయనకు దక్కవలసిన ఒక్క నిజమైన మెచ్చుకోలు మింగేయడం న్యాయం కాదు. 577లో పారిస్‌లో రూవాన్ బిషప్పు ప్రెటెక్స్‌టాటస్ మీద చిల్పెరిక్ రాజద్రోహం విచారణ పెట్టించాడు. సాటి బిషప్పుల కోసం నోరు తెరవండి అని గ్రెగరీ అడిగితే, సభలో ఉన్న పీఠాధిపతులంతా పెదవుల మీద వేళ్లు ఆనించుకున్నారు. ఇద్దరు మాత్రం కష్టపడి లేచి, రాజు దగ్గరకు వెళ్లి గ్రెగరీ మీద ఫిర్యాదు చేశారు. రాజు గ్రెగరీని పిలిపించాడు. ముందున్న బల్ల మీద రొట్టె, రకరకాల వంటకాలు. ఈ పులుసు నీ కోసమే చేయించాను, ఇందులో కోడి, కాసిని శనగలు తప్ప ఇంకేమీ లేవు అన్నాడు రాజు. గ్రెగరీ పులుసు ముట్టలేదు. ధర్మశాస్త్రం మీరనని రాజు ఒట్టు పెట్టాకే కాస్త రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాడు. ఆ రాత్రి రాణి మనుషులు తలుపు తట్టి, ప్రెటెక్స్‌టాటస్‌కు వ్యతిరేకంగా మాట్లాడితే 200 పౌన్ల వెండి ఇస్తామన్నారు. వెయ్యి పౌన్ల వెండి బంగారాలు ఇచ్చినా నా వల్ల కాదన్నాడు. కోడిపులుసుకు లొంగని నాయకుణ్ణి ఎక్కడ చూసినా లేచి నిలబడాలి. ప్రెటెక్స్‌టాటస్ మాత్రం దక్కలేదు. దేశాంతరం పోయి, తిరిగొచ్చి, 586లో సొంత చర్చిలోనే కత్తిపోటుకు గురయ్యాడు.

మూడేళ్లకు గ్రెగరీ వంతు వచ్చింది. రాణికీ బోర్డో బిషప్పుకీ సంబంధం అంటగట్టాడని అభియోగం. 580లో బెర్నీ రాజగృహంలో విచారణ. మూడు బలిపీఠాల మీద పూజ చేసి ప్రమాణం చేయమన్నారు, చేశాడు, బయటపడ్డాడు. ఆ సభలోనే ఆయన ఆప్తమిత్రుడు, కవి ఫార్టునాటస్ లేచి చిల్పెరిక్ పాండిత్యాన్నీ కవిత్వాన్నీ పొగుడుతూ పెద్ద పద్యం చదివాడు. అవును, గణాలు తప్పిన ఆ కవిత్వాన్నే. మిత్రుణ్ణి కాపాడటానికా, రాజుకు బుద్ధి చెప్పడానికా అని పండితులు నేటికీ తర్కించుకుంటున్నారు. ఫార్టునాటస్ తరువాత తానూ బిషప్పు అయ్యాడన్నది మాత్రం తర్కం అక్కరలేని సంగతి. ఇటు టూర్‌లో రికుల్ఫ్ ఏం చేశాడంటే, గ్రెగరీ ఇక రాడనుకుని చర్చి నివాసంలో మకాం పెట్టి, వెండి సామాను లెక్క రాసుకుని, పెద్దలకు తోటలు పంచి, చిన్నవాళ్లకు కర్రదెబ్బలు పంచాడు. గ్రెగరీ వచ్చాడు. రికుల్ఫ్ మఠానికి పోయాడు. ఆయన తరఫు కథ మనకు చేరలేదు.

594లో కన్నుమూసే ముందు గ్రెగరీ తన పది పుస్తకాల చివర ఒక హెచ్చరిక పెట్టాడు. నా తరువాత టూర్‌కు వచ్చే బిషప్పులారా, తీర్పు దినం మీద ఒట్టు. ఈ పుస్తకాలను నాశనం చేయకండి, కొంత ఉంచి కొంత తీసేసి తిరగరాయకండి, లేదా ఆ రోజున సైతానుతో పాటు శిక్ష పడుతుంది, కావాలంటే పద్యాల్లోకి మాత్రం మార్చుకోండి అన్నాడు. వందేళ్లు తిరగకముందే ఎవరో ఆ గ్రంథాన్ని ఆరు పుస్తకాలకు కుదించారు. తీసేసిన అధ్యాయాల్లో ఎక్కువ భాగం బిషప్పుల, గురువుల సంగతులే. కుదించినవాడు పేరు పెట్టుకోలేదు. శాపానికి భయపడ్డాడని అనుకోనక్కరలేదు. శాపం ఉన్నది పదో పుస్తకంలో, అతని ప్రతి ఆరో పుస్తకంతోనే అయిపోయింది.