సవరణ: చంద్రబాబు కన్నీళ్లు పెట్టుకున్నది సభలో కాదు

చంద్రబాబు నాయుడు అసెంబ్లీలోనే వెక్కివెక్కి ఏడ్చారని నిన్న రాశాను. అది తప్పు, క్షమించండి. 2021 నవంబర్ 19న సభలో తన భార్య గురించి అనుచితంగా మాట్లాడారని ఆవేదన చెంది, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని చెప్పి ఆయన బయటికొచ్చేశారు. కన్నీళ్లు ఆగనిది ఆ తర్వాత, మంగళగిరి పార్టీ ఆఫీసులో, విలేకరుల ముందు. మాట మధ్యలో గొంతు పూడుకుపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. అప్పటికాయనకు 71 ఏళ్లు.

సభకు రాజీనామా చేశారన్నదీ పొరపాటే. ఎమ్మెల్యేగానే ఉన్నారు. 2024 జూన్ 21న ముఖ్యమంత్రి హోదాలో మళ్లీ సభకు వచ్చారు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యం అంటారా? సభలోనే ఏడ్చారని రాస్తే, చూసినవాళ్లు ఎదుటి పార్టీ సభ్యులే అనిపిస్తుంది. నిజానికి చూసింది టీవీల ముందున్న జనం. అయ్యో పాపం అన్నవాళ్లున్నారు, నాటకం అన్నవాళ్లూ ఉన్నారు. అధికార పక్షం మాత్రం ఆయన కుటుంబాన్ని ఎవరూ ఏమీ అనలేదని చెప్పింది. ఈ మాట కూడా నిన్న వదిలేశాను, వదలకూడదు.

ఆయన రాజకీయం నచ్చకపోవచ్చు. కానీ ఇంటి ఆడవాళ్ల మాట వచ్చినప్పుడు ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటే ఎగతాళి చేయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.