ఆరు సెకన్లకో నొక్కు

అంబు బ్యాగా, ఐ-జెల్లా, శ్వాసనాళంలోకి దింపే ట్యూబా? ఊపిరి ఆగిపోతున్న మనిషికి గాలి అందించడానికి ఈ మూడింట్లో ఏది మంచిదని మత్తు డాక్టర్ని అడిగితే ట్యూబే అంటారు. ఆయన చేతికి అది నిజమే, వేలసార్లు వేసిన చెయ్యి. కానీ రాత్రి రెండింటికి శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి దగ్గర 108 బండి వెనక కూర్చునేది ఆయన కాదు, ఒక ఈఎంటీ, అంటే అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన ఉద్యోగి. పైలట్ ముందు బండి తోలుతుంటాడు, వెనక ఈయన ఒక్కడే. 108 బళ్లకు ఏ పరికరం కొనాలో ఆ ఒక్కడి చేతిని చూసి తేల్చాలని నా వాదన.

అంబు బ్యాగ్ చూడ్డానికి తేలిక. మాస్కు ముఖానికి పెట్టి బ్యాగ్ నొక్కడమే కదా అనిపిస్తుంది. ఒకసారి శిక్షణ బొమ్మ మీద చేసి చూడండి. బొటనవేలు, చూపుడువేలు మాస్కును అదిమి పట్టాలి. మిగతా మూడు వేళ్లు దవడను పైకి లాగి ఉంచాలి. రెండో చెయ్యి బ్యాగ్ నొక్కాలి. కాసేపటికే మణికట్టు పీకుతుంది, మాస్కు పక్కనుంచి గాలి బుస్సుమని పోతుంది, బొమ్మ ఛాతీ మాత్రం కదలదు. అందుకే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకుంటే ఇంకొకరు బ్యాగ్ నొక్కాలని శిక్షణల్లో చెబుతారు. కదిలే బండిలో ఆ ఇంకొకరు ఎవరు? పైలట్ స్టీరింగ్ వదిలి రాలేడు కదా. గుండె ఆగిన కేసైతే ఛాతీ మీద నొక్కాల్సిందీ ఆ ఈఎంటీయే.

ఐ-జెల్ సంగతి వేరు. మెత్తటి కొస ఉన్న గొట్టం, నోట్లోంచి లోపలికి తోస్తే స్వరపేటిక మీద మూతలా కూర్చుంటుంది. ఊది ఉబ్బించాల్సిన బెలూన్ లేదు, లారింగోస్కోప్‌తో గొంతులోకి తొంగిచూసే పని లేదు. 30 నుంచి 60 కిలోల వాళ్లకు పసుపు రంగు 3వ సైజు, 50 నుంచి 90 కిలోల వాళ్లకు ఆకుపచ్చ 4వ సైజు. ఒకసారి కుదిరిందంటే మాస్కు పట్టుకునే చెయ్యి ఖాళీ. ట్యూబ్ వేయడం అలవాటు లేనివాళ్లకు బొమ్మల మీద పరీక్ష పెడితే సాధారణంగా ఈ తరహా పరికరాలే త్వరగా కుదురుతాయి.

బొమ్మల మాట అలా ఉంచండి. ఇంగ్లండ్‌లో అంబులెన్స్ పారామెడిక్స్ చేత, ఆసుపత్రి బయట గుండె ఆగిన 9,296 మంది మీద ఐ-జెల్‌నూ ట్యూబునూ పోల్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. మంచి స్థితిలో కోలుకున్నవాళ్లు ఐ-జెల్ వైపు 6.4 శాతం, ట్యూబ్ వైపు 6.8 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. రెండు ప్రయత్నాల్లోపు గాలి అందించగలిగింది మాత్రం ఐ-జెల్‌తో 87.4 శాతం మందికి, ట్యూబ్‌తో 79 శాతం మందికి. వాళ్లేమో ఆ పని నేర్చినవాళ్లు. మనవాళ్లకు ఏడాదిలో ఎన్ని ట్యూబులు వేసే అవకాశం వస్తుంది?

ట్యూబ్ అయితే వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగకుండా కాపాడుతుందంటారు పెద్ద డాక్టర్లు. నిజమే, పురుగుమందు తాగిన మనిషికి నోరంతా చొంగ, వాంతి. అక్కడ ఐ-జెల్‌కు ట్యూబంత పట్టు లేదు. బొమ్మ వాంతి చేసుకోదు కాబట్టి దాని మీద గెలిచిందల్లా రోగి దగ్గర గెలవదనీ అంటారు. అదీ ఒప్పుకుంటాను. అలాగైతే బొమ్మ గొంతులో గంజి పోయండి, ఈఎంటీ చేతికి దాన్ని పీల్చి తీసేసే సక్షన్ గొట్టం ఇవ్వండి. వాంతి చేసుకునే బొమ్మలు విదేశాల్లో ఇప్పటికే ఉన్నాయి. మన దగ్గర గంజికి కరువేముంది?

నాకీ పట్టుదల ఒక రాత్రి వల్ల వచ్చింది. నేల మీద పడుకున్న మా బావను కట్లపాము కరిచింది. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. మధ్యాహ్నానికి ఊపిరి అందడం లేదు. ఆసుపత్రి పేరెందుకు గానీ, ట్యూబ్ వేసిన డాక్టర్‌కు ఈ రోజుకీ దండం పెడతాం. ఖాళీ వెంటిలేటర్ మాత్రం లేదు. నర్సమ్మ బ్యాగ్ మా చేతిలో పెట్టి, "చెయ్యి నొప్పెడితే ఇంకొకలికిచ్చీండి గానీ ఆపీకండి" అని వెళ్లిపోయింది. నలుగురం వంతులేసుకున్నాం. ఎంత నొక్కాలో, ఎంతసేపటికోసారి నొక్కాలో ఎవరూ చెప్పలేదు. టెన్షన్‌లో గబగబా నొక్కేశాం. ఆరు సెకన్లకొకటి చాలనీ, లీటరున్నర బ్యాగ్‌లో మూడో వంతు గాలి పోతే సరిపోతుందనీ, ఎక్కువైతే ప్రమాదమనీ నాకు తెలిసింది చాలా ఏళ్లకు, ఒక శిక్షణలో బొమ్మ ముందు కూర్చున్నప్పుడు. అదృష్టం, బావ బతికాడు. కట్లపాము విషం కండరాలను పడుకోబెడుతుంది. అవి తేరుకునేదాకా ఎవరో ఒకరు ఊపిరి పోస్తే మనిషి లేచి కూర్చుంటాడు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా చేసింది అచ్చంగా ఇదే పని. వాళ్లకు చేసే పద్ధతి చూపించి మరీ కూర్చోబెట్టారు.

మన ప్రభుత్వాలకు, ఏ పార్టీదైనా సరే, రిబ్బన్ కట్టగలిగే వస్తువంటేనే ఇష్టం. 2020 జులై 1న 108, 104 బళ్లు కలిపి 1,088 విజయవాడలో బారులు తీరితే టీవీల్లో చూశాం. 2023లో విజయనగరానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో పలాసకు కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. సంతోషమే, ఎన్నాళ్లని విశాఖకు రాసేయించుకుంటాం? శ్రీకాకుళం నుంచే వంద కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ దారి పొడవునా ఊపిరి పోయాల్సిన చేతికి సాధన చేయించే ఖర్చు ఏ శిలాఫలకం మీదా ఎక్కదు. ఒకసారి నేర్చుకున్నది మూడు నుంచి ఆరు నెలల్లోనే చేజారడం మొదలవుతుంది. సర్టిఫికెట్ మాత్రం గోడకు పదిలంగా వేలాడుతుంటుంది.

ఎంబీబీఎస్ విద్యార్థులకు బొమ్మల మీద సాధన చేసే స్కిల్ ల్యాబ్ తప్పనిసరని 2019 నుంచే నిబంధన ఉంది. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. నెలకో రోజు ఆ ల్యాబ్ తలుపులు 108 ఈఎంటీలకు, పీహెచ్‌సీ నర్సులకు తెరవండి. రోగి బంధువులొస్తే వాళ్లనీ కూర్చోబెట్టండి. మూడు పరికరాలూ బల్ల మీద పెట్టి, ఎవరికి ఏది ఎన్ని సెకన్లలో కుదిరిందో, బొమ్మ ఛాతీ ఎన్నిసార్లు లేచిందో రిజిస్టర్‌లో రాయండి. టెండరు ఆ రిజిస్టర్ చూశాక పిలవండి. ఒక్క షరతు, పరీక్ష ఏసీ గదిలోనే ముగించొద్దు. బొమ్మను స్ట్రెచర్ మీద కట్టి మెళియాపుట్టి నుంచి టెక్కలి దాకా తీసుకెళ్లండి, రోజూ తోలినట్టే తోలమని పైలట్‌కి చెప్పండి.