‘ఇంకో రెండు వేలు వేసుకుంటే’ గారికి, పాలకొల్లు నుంచి

మహారాజశ్రీ ‘ఇంకో రెండు వేలు వేసుకుంటే’ గారికి, పాలకొల్లు నుంచి ఒక డీటీపీ షాపువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, నా బడ్జెట్ తప్ప.

గారు అన్నానని పొంగిపోకు. ఈ ఒక్కసారికే. మూడు నెలలు నా నెత్తి మీద కూర్చున్నవాడికి ఇంతకన్నా మర్యాద ఇవ్వలేను.

దసరా దాకా నీకూ నాకూ పరిచయమే లేదు. నా దగ్గర 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, పెద్దకర్మ పత్రికలు అన్నీ దాని మీదే. పొద్దున్నే స్విచ్ వేసి, ఎదురు కొట్లో టీ తాగి, పేపర్లో జిల్లా పేజీ చదివి వస్తే అప్పటికి తెర మీద బొమ్మలు వచ్చేవి. ముహూర్తాల సీజన్లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ కొట్టానంటే, మేనమామ ఫొటో ఇంకొంచెం పెద్దది చెయ్యమని చెప్పడానికి వచ్చిన పెళ్ళివారు కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆ మేనమామతోనే ఫోన్లో గొడవపడి, ఫొటో మొత్తం తీసెయ్యమని చెప్పేదాకా అది సేవ్ అవుతూనే ఉండేది.

రోగం ఎక్కడుందో నాకు తెలియక కాదు. ధవళేశ్వరం నుంచి ఎంత నీరు వదిలినా, మధ్యలో కాలువ నిండా గుర్రపుడెక్క పట్టేస్తే శివారు చేనుకి చుక్క రాదు. నా సీపీయూలో గుర్రపుడెక్క ఆ హార్డ్‌డిస్క్. అది సెకనుకి వంద ఎంబీ ఇవ్వడానికే ఆయాసపడుతుంది, చిన్న చిన్న ఫైళ్ళు వందల్లో అడిగితే అదీ ఇవ్వదు. అదే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్కు, మామూలు సాటా రకమైనా 550 దాకా లాగుతుంది. అదొకటి, నా పాత బోర్డుకి పట్టే 8 జీబీ డీడీఆర్3 రకం ర్యామ్ ముక్కొకటి, సెకండ్ హ్యాండ్‌లో చూసుకుంటే ఐదు వేలు. బస్సెక్కి భీమవరం వెళ్ళింది దానికే.

అక్కడ కౌంటర్ వెనక, షాపు కుర్రాడి నోట్లో, నువ్వున్నావు.

కుర్రాడు ఎంత మర్యాదగా మాట్లాడాడో! ‘ఆయ్, ఎస్‌ఎస్‌డీ వేద్దామండి, వెయ్యొచ్చు. కానీ పదకొండేళ్ళ బండికి కొత్త టైర్లు ఎందుకండి? విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందండి. 11 వెయ్యాలంటే ఇంటెల్లో ఎనిమిదో తరం ఉండాలండి, మీది నాలుగోది. ఇంకో రెండు వేలు వేసుకుంటే సెకండ్ హ్యాండ్ మదర్‌బోర్డు, ప్రాసెసర్ సెట్టు...’ ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదీ నీ గొప్పతనం. ఊళ్ళో ప్రతివాడూ పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చే మిషన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు. సరే, ఐదు కాస్తా ఏడయింది. పాత బోర్డు కన్నా కొత్తదే మేలన్నావు, అక్కడినుంచి గబగబా మెట్లెక్కించి 25 వేల దగ్గర నిలబెట్టావు.

నిన్ను కాదనలేకపోవడానికి కారణం నా పెంపకంలోనే ఉంది. మా గోదావరి జిల్లాల్లో విస్తరి ముందు కూర్చున్నవాడు చెయ్యి అడ్డం పెట్టినా గరిటె ఆగదు. ‘ఇంకొక్క పూతరేకు వేసుకోండి, ఎంతండీ అది, గాలి’ అంటారు. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నువ్వూ అదే గరిటె పట్టుకుని కంప్యూటర్ షాపులో దూరావు. ఇక నేనెక్కడ వద్దంటాను?

పైగా నువ్వు ఒంటరిగా రావు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావ ఫోన్ చేసి, ‘బావా, నువ్వు చూస్తున్న ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే గూడు ఏఎం4, అది 2016 నాటి సాకెట్టు, ఇంకో రెండు వేలు పెట్టి ఏఎం5 కి వెళ్ళిపో, ఫ్యూచర్ ప్రూఫ్’ అన్నాడు. రెండు వేలు ప్రాసెసర్ మీద నిజంగానే రెండు వేలే. కానీ ఏఎం5 బోర్డు మీద డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి ఎక్కదు, ఆ బోర్డుకి దాని రేటు దానికుంది. ఒక్కడికి కార్డిస్తే కుటుంబ సమేతంగా దిగినట్టు నీ వెనకాలే బోర్డు, ర్యామ్, కూలరు, అందరికన్నా ఆఖర్న ‘మరి ఇంత పెట్టి ఆ పాత ఎస్‌ఎంపీఎస్సేనా’ అంటూ మేనత్తలాగా ఎస్‌ఎంపీఎస్, అదే లోపల అందరికీ కరెంటు పంచే డబ్బా. నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేస్తే 58 వేలు. అదే పేజీలో పైన నా అక్షరాలతోనే ‘5,000 (గట్టిగా)’ అని ఉంది.

ఇక ఆ పేర్లు. గుణింతాలు నేర్చుకున్నవాడిని, రోజంతా ఒత్తులూ దీర్ఘాలూ దిద్దేవాడిని, నాకే తల తిరిగింది. ఇంటెల్ 12400 ప్రాసెసర్‌కి చివర ఎఫ్ తగిలిస్తే, తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ పోతుంది. ఏఎండీ 5600 కి చివర జి తగిలిస్తే గ్రాఫిక్స్ వస్తుంది. ఒకచోట అక్షరం బొమ్మని తీసేస్తుంది, ఇంకోచోట అక్షరమే బొమ్మని తెస్తుంది. మా నరసాపురం స్నేహితుడు ఎఫ్‌ది వెయ్యి తక్కువని మురిసిపోయి తెచ్చుకుని, అన్నీ బిగించి, కొబ్బరికాయ కొట్టి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం అమావాస్య. రెండు రోజులు కేబుల్ మారుస్తూ కూర్చున్నాడు పాపం. మూడో రోజు గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వెళ్ళాడు, అక్కడ నువ్వు కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నావట.

ఒకే ఒక్కసారి నిన్ను ఓడించాను, అది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నేను 5600జి దగ్గర స్థిరపడ్డాక, సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకుంటుంటే కుర్రాడి నోట్లో మళ్ళీ మొలిచావు. ‘ఇది 3,500 స్పీడేనండి, ఇంకో రెండు వేలు వేసుకుంటే జెన్4, ఏడు వేలు లాగేస్తదండి.’ నేను అప్పటికి రాత్రిళ్ళు చదివి చదివి పండిపోయి ఉన్నాను. 5600జి ఆ ఎస్‌ఎస్‌డీకి ఇచ్చేది ఒక తరం పాతదైన జెన్3 దారే, నేను ఎంచుకున్న ఏ520 బోర్డూ అంతే. బుల్లెట్ బండి కొనుక్కుని పుంతరోడ్డు మీద తోలినట్టు, ఏడు వేల దానికీ అక్కడ మూడున్నర వేలే. ఆ మాట చెబితే కుర్రాడు నవ్వేసి ‘తెలుసన్నమాటండి’ అన్నాడు. ఆ రోజు పాలకొల్లు బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

అయితే ఈ చదువంతా పూర్తయ్యేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. అసలు దెబ్బ అక్కడ కొట్టావు. దసరా వెళ్ళాక అడిగిన రేటు మీద 5600జి కి కావలసిన డీడీఆర్4 ర్యామ్ రెండింతలు దాటి కూర్చుంది. అదేంటయ్యా అంటే, చిప్పులు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు తిరిగిపోయాయట, మైక్రాన్ అయితే మనలాంటివాళ్ళకి అమ్మే క్రూషియల్ వ్యాపారమే మానుకుంటున్నామని డిసెంబర్‌లో చెప్పేసింది. అమెరికావాడు సుంకం వేస్తే మా చెరువుల్లో రొయ్య రేటు పడుతుంది, అదే అమెరికాలో సర్వర్లు పెడితే నా ర్యామ్ రేటు లేస్తుంది, ఎటొచ్చీ డెల్టావాడికే! రెండు వేల కోసం మూడు నెలలు ఊగిసలాడించి, ఒక్క ర్యామ్ మీదే ఐదు వేలకు పైగా లాగావు. 16 జీబీ ముక్క ఒక్కటే కాకుండా 8, 8 జంటగా తీసుకున్నాను. గ్రాఫిక్స్ ప్రాసెసర్లోనే ఉన్నప్పుడు అది ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి జంట స్టిక్కులకి తేడా బాగా తెలుస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం నువ్వు చెప్పింది విన్నాను, విన్నందుకు బాధ లేదు. పాత క్యాబినెట్ ఉంచేద్దామని స్క్రూలు తియ్యబోతే సగం తుప్పు పట్టి తిరగలేదు, మా గాలిలో తేమ అలాంటిది. మూత ఊడదీస్తే లోపల ఫ్యాన్ పక్కన రెండు బల్లిగుడ్లు, ఒకటి పగిలి ఖాళీ, రెండోది నిండుగానే ఉంది. దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది, వేలితో లాగితే చాపలాగా చుట్టుకుంటూ వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ మీద ‘500 వాట్స్’ అని పెద్ద స్టిక్కరు, చేత్తో ఎత్తితే ఖాళీ బిస్కెట్ డబ్బా బరువు. పక్కన చిన్నక్షరాల్లో 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లో ఉంటుంది, అసలు సంగతి అక్కడ చూడాలి. నా దాన్లో ఆ గడి ఖాళీ! సాయంత్రం అయ్యేసరికి చుట్టుపక్కల చెరువుల్లో నీటికి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతాయి, నా షాపులో ట్యూబులైటు కళ్ళార్పుతుంది. అలాంటి కరెంటు మీద ఈ డబ్బాని నమ్మి 5600జి ని నిలబెట్టలేను. 80 ప్లస్ గుర్తున్నది తీసుకున్నాను, ఆ గుర్తు చెప్పేది కరెంటు ఎంత వృథా కాదో అనేదే అయినా, లేనిదానికన్నా నయం.

మొత్తం 34 వేలు. మా ఆవిడ బిల్లు చూసి ‘మొదట ఎంతన్నారండి?’ అని ఒక్కటే అడిగింది. నేను జీఎస్టీ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

ఇంత తిడుతున్నాను గానీ, నిన్న సంగతి కూడా దాచకుండా చెప్పేస్తాను. పుట్టినరోజు ఫ్లెక్సీకని ఒక కుర్రాడు వచ్చాడు, మామూలు రకం చాలు అన్నాడు. ‘ఇంకో రెండు వందలు వేసుకుంటే స్టార్ ఫ్లెక్స్ వస్తదండి, ఫొటో మెరుస్తది’ అని ఎవరో అన్నారు. చూస్తే నేనే. అతను కాసేపు తల గోక్కుని సరే అన్నాడు.

ఇక ఈ ఉత్తరం ఎందుకంటే. నిన్న రాత్రి అన్నీ బిగించి చూస్తే, నా పాత మానిటర్‌కి వీజీఏ అనే పాతకాలం కేబుల్ గుచ్చే చోటు ఒక్కటే ఉంది. కొత్త బోర్డుకి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టు ఉన్నాయి, వీజీఏ లేదు. షాపుకి ఫోన్ చేశాను. ‘వీజీఏ ఉన్న బోర్డు మొదట చూపించానండి, మీరే ఇంకో రెండు వేలు వేసుకుని ఇది తీసుకున్నారు కదండి’ అన్నాడు కుర్రాడు, ఎంతో మర్యాదగా.

కన్వర్టర్ మూడు వందలట. ఆదివారం భీమవరం వస్తున్నాను. నువ్వు కౌంటర్ వెనకే ఉంటావని తెలుసు, కొత్త మానిటర్లు వరసగా వెలిగించి పెట్టి ఉంచుతావనీ తెలుసు. జేబులో సరిగ్గా మూడు వందలూ, రానూపోనూ బస్సు చార్జీ పెట్టుకుంటున్నాను. ఫోన్ మా ఆవిడ దగ్గర ఇచ్చేసి వస్తున్నాను.

ఇట్లు,
నీ శాశ్వత ఖాతాదారుడు