ఉప్పు తిన్న ముల్లుగారికి

అయ్యా హైడ్రోమీటర్ గారూ,

ఉభయకుశలోపరి అందామంటే తమరొక్కరే కుశలం, నా ఉప్పునీటి చేపల ట్యాంకులో పగడాలకు బాగోలేదు.

నీళ్లలో ఉప్పెంతో చెప్పడమే తమరి ఉద్యోగం. మా ఇంటి ఉప్పు అక్షరాలా తిన్నది తమరే, ద్రోహం చేసింది కూడా తమరే. తమరి డబ్బాలో ట్యాంకు నీళ్లు పోయగానే తమరి ముల్లు ఊగుతూ లేచి, మంచినీళ్ల బరువు 1 అనుకుంటే, 1.022 దగ్గర ఆగింది. ఉండాల్సింది 1.026, అంటే కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు. తక్కువైందని టెన్షన్ పడి, తమరు 1.026 అనేదాకా నాలుగు రోజులు బకెట్లో ఉప్పు కలిపి పోశాను. క్లౌన్ చేపలు ఏమీ అనలేదు, వాటికి మొహమాటం ఎక్కువ. పగడాల్లో జోయాంథిడ్లు అనే రకం మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది.

ఇంతలో భీమవరం నుంచి మా బావగారు వచ్చారు. రొయ్యల చెరువులవాళ్ల జేబులో రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, వెలుతురు వంపుని బట్టి ఉప్పు చెప్పే చిన్న గొట్టం. దాని అద్దం మీద ట్యాంకు నీళ్లు రెండు చుక్కలు వేసి, మూత దించి, కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశారు.

"ఏరా బామ్మర్దీ, చేపలు పెంచుతున్నావా, ఆవకాయ పెడుతున్నావా?"

40 పిపిటి! అంటే కిలో నీటికి 40 గ్రాముల ఉప్పు!

ఆ గొట్టానిదీ ఒక దాపరికం ఉంది లెండి. డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి సరిచేస్తే సరిపోదు. అలాంటివి చాలావరకు మామూలు ఉప్పునీటి లెక్కతో తయారైనవి, సముద్రపు నీటికి ఒకటిన్నర పిపిటి దాకా ఎక్కువ చెప్తాయి. 35 పిపిటి ద్రావణం తెప్పించి, దానికి సరిగ్గా 35 చూపేలా స్క్రూ తిప్పి, ట్యాంకు నీళ్లు మళ్లీ చూస్తే 38.5 అంది. అంటే తమరు 1.022 అన్న రోజున నా నీళ్లు దాదాపు సరిగ్గానే ఉన్నాయన్నమాట!

అప్పుడు తమరిని దీపం కింద పెట్టి చూశాను. ముల్లు కీలు దగ్గర తెల్లటి పెచ్చు. ఆ బరువుకి ముల్లు లేవక తక్కువ చెప్పారు. బుడగ అంటుకుంటే పైకి తేలి ఎక్కువ చెప్తారు. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారైనా నసగాల్సింది కదా, అంత ధీమాగా చెప్పకపోతే!

ఇప్పుడు రోజుకు రెండు మగ్గుల ట్యాంకు నీళ్లు తీసి, అంతే ఆర్‌వో నీళ్లు పోస్తున్నాను. ఒక్కసారే తగ్గిస్తే పగడాలు తట్టుకోవు. తమరు మాత్రం వంటింట్లో వెనిగర్ గ్లాసులో నానుతున్నారు. రేపు అదే 35 ద్రావణంలో తమకు పరీక్ష.

ఇట్లు,
నాలుగు రోజులు తమరిని నమ్మినవాడు

తా.క.: గ్లాసు మీద "తాగొద్దు" అని చీటీ అంటించాను. మా ఇంట్లో చీటీలు కూడా తమరి రీడింగుల్లాంటివే, ఎవరూ రెండోసారి చూడరు.