శాతం చూసి కాపీ అనేస్తే ఎలా?

అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయగానే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ అందులో ఎంత శాతం వేరే రాతలతో కలిసిందో చూపిస్తుంది. 10 అంటే హమ్మయ్య అనుకుంటారు, 30 దాటితే టెన్షన్. గ్రంథచౌర్యం గురించిన చర్చంతా ఈ అంకె దగ్గరే ఆగిపోతోంది. 1998లో మొదలైన టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా చూసేది రాతల మధ్య పోలికను. కొటేషన్ గుర్తులు పెట్టి, పేరు చెప్పి తీసుకున్న వాక్యాలు, చివరి పుస్తకాల జాబితా, ఆఖరికి టీచర్ ఇచ్చిన ప్రశ్న కూడా సెట్టింగ్ మార్చకపోతే ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. అంకె పెద్దదైతే దొంగ అనీ, చిన్నదైతే దొర అనీ తేల్చడానికి లేదు.

మూలంలో ఈ వాక్యం ఉందనుకోండి: ‘చెట్లు తగ్గడంతో పట్టణాల్లోని కాంక్రీటు కట్టడాలు పగటి వేడిని పీల్చుకుని రాత్రి నెమ్మదిగా వదులుతున్నాయి.’ విద్యార్థి ఇలా రాశాడు: ‘వృక్షాలు క్షీణించడం వల్ల నగరాల్లోని సిమెంటు నిర్మాణాలు పగటి ఉష్ణాన్ని గ్రహించి రాత్రివేళ మెల్లగా విడుదల చేస్తున్నాయి.’ దాదాపు ప్రతి మాటా మారింది, వాక్యం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మూలం పేరు లేదు. సాఫ్ట్‌వేర్ కళ్లుగప్పినా ఇది కాపీయే. చిత్రమేమిటంటే ఆ విద్యార్థి ‘సొంత మాటల్లో రాశానండీ’ అని నిజంగానే నమ్ముతాడు. ‘సొంతంగా రాయండి’ అని అందరూ చెప్పారు, ఎలాగో ఎవరూ చూపించలేదు.

అమెరికా అధ్యాపకురాలు రెబెకా మూర్ హోవర్డ్ ఇలాంటి రాతను ‘ప్యాచ్‌రైటింగ్’ అన్నారు. విషయం, దాని భాష ఇంకా ఒంటబట్టని దశలో చాలామంది ఇలాగే రాస్తారనీ, దీన్ని మోసంగా కొట్టిపారేయకూడదనీ ఆమె వాదన. కొత్తగా చేరినవాళ్ల విషయంలో ఇది సబబే. పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లకు మాత్రం ఈ సాకు చెల్లదు. 2011లో జర్మనీ రక్షణ మంత్రి గుటెన్‌బర్గ్ సిద్ధాంత వ్యాసంలో పరుల రాతలు బయటపడి డాక్టరేటూ పదవీ రెండూ పోయాయి. మరుసటి ఏడాది హంగరీ అధ్యక్షుడు పాల్ ష్మిట్‌దీ అదే గతి.

ఏఐ వచ్చాక పట్టుకోవడం మరీ కష్టమైంది. ఏఐ రాతను పసిగట్టేందుకు తెచ్చిన టూల్‌ను, కచ్చితత్వం తక్కువని 2023 జులైలో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే వెనక్కి తీసుకుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసినవాటిలో సగానికి పైగా ఏఐ రాతలేనని ఇలాంటి టూల్స్ పొరబడ్డట్టు అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. వీటి మాట పట్టుకుని శిక్ష వేయడం అన్యాయం.

పని మొదలుకావాల్సింది నోట్సు దగ్గర. చదివింది మూసేసి, గుర్తున్నది పక్కవాడికి చెబుతున్నట్టు రాయాలి. పై వాక్యమే అయితే: ‘నీడ కరువైన నగరం పొద్దుగూకాక కూడా చల్లబడదు, పగలు గోడల్లో చేరిన వేడి అప్పుడు బయటికొస్తుంది.’ తర్వాత మూలంతో సరిచూసి, ఎవరు చెప్పారో అక్కడే రాసుకోవాలి. పేరు తర్వాత చేర్చొచ్చులే అనుకుంటే డెడ్‌లైన్ రాత్రి అది గుర్తుండదు. టీచర్ల వంతు కూడా ఉంది. ఏటా అదే ప్రశ్న ఇచ్చి కొత్త జవాబు రావాలంటే ఎక్కడినుంచి వస్తుంది? మధ్యలో ఒకసారి డ్రాఫ్టు అడిగి, ‘ఈ పేరాలో ఏం చెప్పావు?’ అని ఐదు నిమిషాలు మాట్లాడితే, సాఫ్ట్‌వేర్ చెప్పలేనిది తెలుస్తుంది.

డబ్బిచ్చి మొత్తం రాయించుకున్నవాడికీ, మాటలు మార్చడమే రాయడం అనుకున్న కొత్త విద్యార్థికీ ఒకే సున్నా వేయడం నాకు మింగుడుపడదు. మొదటివాడి మీద చర్య తీసుకోవాల్సిందే. రెండోవాడి చేత తిరిగి రాయించి, మార్కులు ఆ రెండో రాతకు వేయాలి.