ఇంగ్లీషు కంటే ముందు బడ్జెట్ పేజీ

పరిశోధన గ్రాంట్లకు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పిన వ్యాసంలో ‘మంచి ఇంగ్లీషు ఉంటే గ్రాంట్ సగం వచ్చినట్టే’ అన్న వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదండీ. రివ్యూకి వచ్చిన ప్రపోజల్‌లో నేను ముందు తిప్పేది బడ్జెట్ పేజీ. నల్గొండ ఫ్లోరైడ్ మీద పరిశోధన అంటారు, ఊరూరా తిరిగి బోరు నీళ్ల శాంపిల్స్ తేవడానికి ప్రయాణ ఖర్చు నామమాత్రం. పరికరానికి మాత్రం లక్షలకు లక్షలు! అదే పరికరం పక్క డిపార్ట్‌మెంట్‌లో దుమ్ము కొట్టుకుని ఉంటుంది (తాళంచెవి ఎవరి దగ్గరుందో దేవుడికే ఎరుక). దాన్ని వాడుకోనిస్తామని ఒక లెటర్ తెచ్చి జతచేస్తే ఎంత నమ్మకంగా ఉంటుంది?

ఇంకోటి, వ్యాసంలో ఇంకా సెర్బ్ (సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనలకు నిధులిచ్చిన కేంద్ర ప్రభుత్వ బోర్డు) అనే రాశారు. 2023 చట్టంతో అది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. దరఖాస్తు పెట్టేవాళ్లు ఆ కొత్త సంస్థ నోటిఫికేషన్లే చూడండి. సోషల్ సైన్సెస్ వాళ్లయితే ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) నోటిఫికేషన్లు కూడా.